పైపొర కింద

14 నవంబర్ 1971, ఆదివారం

ఇవాళ ఒకటి చూశాను. రాయకుండా ఉండలేను.

పొద్దున అన్న బజారుకు వెళ్తానన్నాడు. చొక్కా తొడుక్కోవడానికే అరగంట పట్టింది. గడప దగ్గరికొచ్చి ఆగిపోయాడు, ఎప్పటిలాగే, కాళ్లు నేలకు అతుక్కుపోయినట్టు. వెనక నుంచి సత్తవ్వ వదినె "నడువుండ్రి, జర నడువుండ్రి" అని బతిమాలుతోంది. నేనూ విసుక్కున్నాను. "ఒక్క అడుగేగదనే అన్నా!" అన్నాను. అన్న ముఖంలో కోపం లేదు, బాధ లేదు. రెండేళ్లుగా ఆ ముఖంలో ఏమీ కనిపించదు.

వదినె చెయ్యి పట్టుకుని ఎట్లాగో దాటించింది. వీధిలో జానెడు జానెడు అడుగులు వేస్తూ వెళ్తున్నాడు. ఇంతలో ఫ్యాక్టరీకి పోయే చెరకు బండి ఒకటి మా మలుపులో ఒరిగింది. ఓ మోపు జారి, గడలన్నీ రోడ్డుకు అడ్డంగా పరుచుకున్నాయి. అన్న వాటి మీద పడతాడని పరుగెత్తాను.

పడలేదు. మొదటి గడ దాటాడు. రెండోది దాటాడు. మోకాళ్లు ఎత్తి ఎత్తి వేస్తూ, ముప్పై ఏళ్ల మనిషిలా, పదకొండు గడలు దాటి అవతల నిలబడ్డాడు! గడలు అయిపోయిన చోట కాళ్లు మళ్లీ ఆగిపోయాయి.

బండివాడు నవ్వాడు. "ఏంది పెద్దమనిషీ, పొద్దుగాల్నే ఏసినవా?" అన్నాడు. మా అన్న జీవితంలో కల్లు కూడా ముట్టలేదు. కానీ ఇవాళ ఆ మాటకు నాకు కోపం రాలేదు. పదకొండు గడలు!

15 నవంబర్

బడి నుంచి రాగానే ఆరు గడలు తెచ్చి పెరట్లో అడ్డంగా పరిచాను. నడిచాడు. నిలువుగా పరిచాను. నడవలేదు. గడలు తీసేసి సుద్దముక్కతో అడ్డగీతలు గీశాను. నడిచాడు! గీతకూ గీతకూ మధ్య అడుగున్నర ఉంటే బాగా నడుస్తున్నాడు. రెండడుగులైతే తడబడుతున్నాడు.

చీకటి పడేలోగా వంటింటి నుంచి వీధి గుమ్మం దాకా గీతలు గీసేశాను.

"ఇల్లంత గీ గీతలేందే విమలా? సూసెటోళ్లు ఏమనుకుంటరు?" అంది వదినె.

"ఉండనియ్యి సత్తీ" అన్నాడు అన్న. ఆయన గొంతు ఇప్పుడు గుసగుసలాగే వస్తుంది. "తుడ్వకు."

16 నవంబర్

కాళ్లు చెడలేదు. కాళ్లు చెడలేదు. కాళ్లు చెడలేదు.

21 నవంబర్, ఆదివారం

తొమ్మిదేళ్లుగా తొమ్మిదో తరగతి ఆడపిల్లలకు మెదడు పాఠం చెప్తున్నాను. పెద్ద మెదడు పైపొర గురించి రెండు పేజీలు. ఆలోచన, జ్ఞాపకం, మాట, చూపు. ఆ తర్వాత ఒకే ఒక్క వాక్యం: "ఈ పొర కింద మరికొన్ని భాగాలు కలవు." తొమ్మిదేళ్లు ఆ వాక్యాన్ని చదివించి, పేజీ తిప్పించాను. మరికొన్ని అట!

నిన్న నిజామాబాద్ వెళ్లి గ్రంథాలయంలో లావుపాటి ఇంగ్లీషు శరీర శాస్త్రం పుస్తకం పట్టుకున్నాను. బయటికి ఇవ్వరట. సాయంత్రం ఆఖరి బస్సు దాకా అక్కడే కూర్చుని రాసుకున్నాను. పైపొర కింద, బాగా లోపల, చారల ముద్ద ఒకటి ఉందట. దాని పక్కన పాలిపోయిన రంగులో ఇంకో ముద్ద. ఇంకా కిందికి దిగితే నల్ల పదార్థం. లాటిన్ పేర్లకు అర్థాలు ఇవే. ఎవరో మనిషి మెదడు కోసి చూసి, కంటికి కనిపించిన రంగుతోనే పేరు పెట్టేశాడు. అన్న చేతికి వచ్చినలాంటి వణుకుడు జబ్బులో ఆ నల్ల పదార్థం వెలిసిపోతుందని రాసి ఉంది.

కళ్లు మూసుకుంటే చాలు, అన్న తలలోపలికి దిగుతున్నట్టుంది.

28 నవంబర్, ఆదివారం

మాంసం కొట్టులో మేక భేజా అడిగి తెచ్చాను. వదినె వేపుడు కోసమనుకుంది. నేను బ్లేడు తీసుకుని పీట ముందు కూర్చునేసరికి ముక్కు మూసుకుని బయటికి పోయింది. మెల్లగా కోసుకుంటూ పోయాను. చారలు లీలగా కనిపించాయి! నలుపు మాత్రం ఎక్కడా లేదు. మూడుసార్లు వెతికాను.

అన్న గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఏం దేవులాడుతున్నవ్ చెల్లె?"

"నిన్నే అన్నా."

ఆయన భుజాలు కదిలాయి. ముఖం కదలలేదు కానీ, అది నవ్వే. నాకు తెలుసు.

6 డిసెంబర్, సోమవారం

సెలవు పెట్టి అన్నను నిజామాబాద్ తీసుకెళ్లాను. బస్సులో అందరూ యుద్ధం గురించే మాట్లాడుకుంటున్నారు. నా తలలో నల్ల పదార్థం తప్ప ఇంకేమీ లేదు.

డాక్టర్ బాపురావు ముసలాయన. బొంబాయిలో చదివి వచ్చాడు. అన్న వేళ్లు చూసి, మోచెయ్యి వంచి చూసి, "పార్కిన్సన్" అని రాసుకున్నాడు. నేను చెరకు గడల సంగతి చెప్పేసరికి కలం కింద పెట్టేశాడు. నా దగ్గర సుద్దముక్క తీసుకుని తన గదిలో తనే వంగి గీతలు గీశాడు. అన్న నడుస్తుంటే పిల్లవాడిలా చప్పట్లు కొట్టాడు.

"టీచరమ్మా, పైపొర హుకుం ఇస్తది, నిజమే. గని నడువుడు, నవ్వుడు, గుండీలు పెట్టుకొనుడు, గిసొంటి రోజు పనులు హుకుంతోని నడ్వయి. అడుగున ఉన్నయి సూడు, అవ్వి అడగకుంటనే చేసి పెడ్తయి. మీ అన్నకు అక్కడ చెడింది. గీత కంటికి కనవడ్డదనుకో, పని ఇంకో తొవ్వల పోతది. అందుకే నడిచిండు."

"మేకలో నల్ల పదార్థం కనిపించలేదండీ" అన్నాను.

ఆయన నన్ను ఒక్క క్షణం చూసి పగలబడి నవ్వాడు. "మేకకు నల్లగుండదమ్మా! మనిషికే గంత నల్లగైతది. అక్కడ తయారయ్యే రసం చారల ముద్దకు పోవాలె. మీ అన్నకు అది ఎండిపోతున్నది. ఇప్పుడు దానికి గోళీ వచ్చింది. ఎల్-డోపా అంటరు. బొంబైల నా దోస్తు పెద్ద దవాఖాన్ల పరీక్ష చేస్తున్నడు. ఖత్ రాస్త."

నేను కుర్చీలో ముందుకు జరిగాను.

"మాన్పదు" అన్నాడు ఆయన. "అది యాదుంచుకో. ఎండిన బాయిల కడవతోని నీళ్లు పోసినట్టు. పోస్తనే ఉండాలె."

మాన్పదు అన్నారు. డాక్టర్లు ముందు అట్లాగే అంటారు.

16 డిసెంబర్

యుద్ధం ఆగిందని రేడియోలో చెప్పారు. వీధంతా మిఠాయిలు పంచుతున్నారు. బొంబాయి నుంచి జవాబు రాలేదు.

2 జనవరి 1972, ఆదివారం

ముత్యం వచ్చాడు. అన్న దగ్గర ఆరేళ్లు పని నేర్చుకున్నవాడు. ఈ సీజన్ నుంచి ఫ్యాక్టరీలో అన్న స్థానంలో, చక్కెర వండే పాన్ మీద అతన్నే నిలబెట్టారు. అన్నను గేటు దగ్గర స్టూలు మీద కూర్చోబెట్టారు. ముత్యం తప్పేమీ లేదు, అయినా అతన్ని కూర్చోమని కూడా అనలేదు నేను.

ఇరవై రెండేళ్లు అన్న ఆ పాన్ మీద చక్కెర వండాడు. ఇంటంత పాత్రలో చెరకు పాకం ఉడుకుతూ ఉంటే, పక్కన చిన్న కడ్డీ లాగి ఓ చుక్క తీసి, అద్దం మీద పూసి, వెలుతురుకు పట్టి, వేళ్ల మధ్య రుద్ది చూస్తారు. గింజ సరిగ్గా కట్టిందనిపించిన క్షణాన కిందికి వదలాలి. ముందైతే పాకం, ఆలస్యమైతే రాయి. ఆ సంగతి అన్న వేళ్లకు తెలుసు. అమ్మా బాపూ పోయాక ఆ వేళ్లే నన్ను హైదరాబాద్ పంపి చదివించాయి.

"అన్నా, నువ్వు లేకుంటే గింజ సన్నగస్తున్నది" అన్నాడు ముత్యం.

అన్న తన వణికే చెయ్యిని రెండో చెయ్యి కింద దాచుకున్నాడు.

9 జనవరి, ఆదివారం

వచ్చింది! సీసా వచ్చింది! బాపురావుగారే బస్సులో తెచ్చి ఇచ్చారు. రోజుకు ఒక గోళీ, ముక్కలు చేసి, తిన్న తర్వాత. వారానికి ఒకటి చొప్పున పెంచి, నాలుగు దగ్గర ఆపాలి. ఏ రోజు ఎన్ని వేశానో, ఏం కనిపించిందో ఓ నోటుబుక్కులో రాసి పంపాలి.

"నన్ను అడగకుంట ఒక్క గోళీ గూడ పెంచద్దు. సమజైందా టీచరమ్మా?"

అయింది, అయింది.

16 జనవరి

రెండు. వాంతి.

23 జనవరి

మూడు. వాంతులు. బలం కోసం నేను బజారులో దొరికే ఎర్ర టానిక్ రెండు చెంచాలు కలిపి ఇస్తున్నాను. ఇవాళ కళ్లలో కొంచెం కళ కనిపించింది.

30 జనవరి

నాలుగు. వదినె కళ ఏమీ లేదంది. నాకు కనిపిస్తోంది.

6 ఫిబ్రవరి, ఆదివారం

కళ ఏమీ లేదు. సీజన్ ఏప్రిల్ మొదట్లో అయిపోతుంది. ఆలోగా అన్న తిరిగి పాన్ దగ్గర నిలబడకపోతే ముత్యాన్నే ఖాయం చేస్తారట. రెండు నెలలు లేవు.

10 ఫిబ్రవరి

ఇవాళ ఏమీ రాయను.

18 ఫిబ్రవరి

బాపురావుగారి నుంచి కార్డు. బొంబాయి దోస్తు రాశాడట: బలం మందులేవైనా ఇస్తున్నారా, వాటిలో ఉండే ఒక విటమిన్ ఈ గోళీని పని చేయనివ్వదు, వెంటనే ఆపండి.

నా ఎర్ర టానిక్! నెల రోజులుగా ఓ చేత్తో పోస్తూ ఓ చేత్తో ఒలకబోశాను. సీసా తీసుకెళ్లి మోరీలో గుమ్మరించాను. వెంటనే జవాబు రాశాను: టానిక్ ఆపాను. గోళీలు మీరు చెప్పినట్టే.

23 ఫిబ్రవరి, బుధవారం

ఎట్లా రాయను! ఎక్కడ మొదలుపెట్టను!

పొద్దున వదినె వాకిలి ఊడుస్తోంది. నేను బడికి జడ వేసుకుంటున్నాను. లోపలి నుంచి ఓ గొంతు వచ్చింది. పెద్ద గొంతు.

"సత్తీ! చాయ్ పెడ్తవా, నన్నే పెట్టుకొమ్మంటవా?"

వదినె చేతిలో చీపురు జారిపోయింది. ఆ గొంతు విని రెండేళ్లు దాటింది. ఇద్దరం లోపలికి పరుగెత్తాం. అన్న మంచం మీంచి తనంతట తనే లేచి నిలబడి చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు. మమ్మల్ని చూసి నవ్వాడు. పెదవులు, బుగ్గలు, కళ్ల చివర ముడతలు, అన్నీ నవ్వాయి. బుగ్గ మీద సొట్ట ఉందన్న సంగతే నేను మరిచిపోయాను!

"ఏందట్ల జూస్తుండ్రు, దయ్యాన్ని జూసినట్టు?"

వదినె కూలబడి ఏడ్చింది. అన్న గీతల వైపు చూడకుండానే గడప దాటి వీధిలోకి వెళ్లి, వెనక్కి తిరిగొచ్చి, మళ్లీ దాటాడు. ఊరికే, మళ్లీ మళ్లీ.

బడికి వెళ్లలేదు. రేపు వెళ్లి పిల్లలకు చెప్తాను. ఆ వాక్యం దగ్గర పేజీ తిప్పనివ్వను. పీరియడ్లకు పీరియడ్లు చెప్తాను.

27 ఫిబ్రవరి, ఆదివారం

సైకిల్ తొక్కాడు! కాలువ గట్టు దాకా వెళ్లి నిజాంసాగర్ నీళ్లు దోసిట పట్టి తాగి వచ్చానన్నాడు. వదినె మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. కుదిరిపోయింది. పూర్తిగా కుదిరిపోయింది.

1 మార్చి

షిఫ్ట్ ఇంజనీరు అన్నను పాన్ దగ్గరికి రానిచ్చాడు. పది రోజులు చూసి చెప్తానన్నాడు.

5 మార్చి, ఆదివారం

అన్న కూర్చున్నా భుజాలు అటూ ఇటూ ఊగుతున్నాయి. సంతోషం పట్టలేక.

8 మార్చి

తింటుంటే మెడ ఓ పక్కకు తిరిగిపోయింది. నాలుక బయటికి వస్తోంది. ఇన్నాళ్లు బిగుసుకున్న ఒళ్లు కదా, సాగుతోంది.

"గిది సంబురం గాదు విమలా" అంది వదినె.

నోటుబుక్కులో రాశాను: నాలుగు గోళీలు. చాలా బాగుంది.

11 మార్చి, శనివారం

మధ్యాహ్నం ముత్యం అన్నను రిక్షాలో తీసుకొచ్చాడు. ముత్యం మోచేతికి తడిగుడ్డ చుట్టి ఉంది.

అన్న పాన్ కడ్డీ లాగి పాకం తీశాడట. అంతలో భుజం ఎగిరి చెయ్యి విసిరికొట్టింది. కాలుతున్న పాకం ముత్యం చేతి మీద పడింది. మోచెయ్యి నుంచి మణికట్టు దాకా బొబ్బలు.

"అన్న తప్పేం లేదక్కా" అన్నాడు ముత్యం. "శెయ్యి దానంతటదే లేసింది. గాయింత కాలుడు మాకు అలవాటే."

అన్న మంచం మీద కూర్చున్నాడు. కాళ్లు, చేతులు, మెడ, ఏవీ నిలవడం లేదు. చెమటతో తడిసిపోయాడు.

"అప్పుడు నన్ను జూసి నవ్వెటోళ్లు" అన్నాడు. "ఇయ్యాల భయపడ్డరు చెల్లె."

ఫిబ్రవరి పదో తేదీన నాలుగు గోళీలు ఆరు చేశాను. టానిక్ అడ్డుపడుతున్నదని నాకు తెలియదు. పద్దెనిమిదిన తెలిసింది. తెలిశాక కూడా తగ్గించలేదు. ఐదు రోజుల్లో ఆయన లేచి నిలబడ్డాడు, నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఎట్లా తగ్గిస్తాను? డాక్టరుగారి నోటుబుక్కులో రోజూ నాలుగనే రాశాను. సంతోషం అని ఈ డైరీలో రాశాను. ఇది నేను తప్ప ఎవరూ చదవరు. అయినా ఇందులో కూడా అబద్ధమే రాశాను.

13 మార్చి, సోమవారం

అన్న, నేను నిజామాబాద్ వెళ్లాం. నోటుబుక్కు బల్ల మీద పెట్టి, ఇందులో నెల రోజుల రాత తప్పని చెప్పాను. ఎన్ని, ఎప్పటి నుంచి, ఎందుకు, అన్నీ చెప్పాను.

బాపురావుగారు పేజీలు వెనక్కి తిప్పి ఫిబ్రవరి పది దగ్గర వేలు పెట్టారు.

"పరీక్షల కాపీ కొట్టిన పిల్లను ఏం చేస్తవు టీచరమ్మా?"

"బయటికి పంపిస్తాను."

"నిన్ను నేను పంపలేను. రోజూ దగ్గరుండి జూసేది నువ్వొక్కదానివే." నోటుబుక్కును నా వైపు తోశారు. "ఆ అడుగున ఏమైతున్నదో నాకు పూరా ఎర్క లేదు. బొంబై దోస్తుకు ఎర్క లేదు. దునియాల ఎవ్వనికి ఎర్క లేదు. మాకున్నది నీ రాతనే. అది అబద్ధమైతే మేం గుడ్డోళ్లం."

నేను తల ఎత్తలేకపోయాను. అప్పుడు అన్న మాట్లాడాడు.

"ఆమెనొక్కదాన్నే అనకుండ్రి దొరా. ఆరని నాకు ఎర్కనే. నా గోళీలు నేను లెక్కవెట్టుకోనా? నేను గూడ అడగలే. పాన్ కాడికి పోవాలని నాకు మాత్రం లేకుండెనా?"

ఇన్ని రోజులు నా ఒక్కదాని గుట్టే అనుకున్నాను. ఇద్దరం ఒకే ఇంట్లో, ఒకే ఆశను ఒకరికి తెలియకుండా ఒకరం దాచుకున్నాం.

మెల్లగా తగ్గిస్తూ రోజుకు మూడు.

22 మార్చి

మూడు. ఊగడం ఆగింది. గోళీ వేసుకున్న ముప్పావుగంటకు ఒళ్లు తేలికవుతుంది. రెండు గంటలు బాగుంటాడు. తర్వాత మెల్లమెల్లగా మళ్లీ బిగుసుకుంటుంది. కొత్త నోటుబుక్కులో ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "సాయంత్రం బాగాలేదు" అని రాయడానికి ఎంత కష్టమైందో. కానీ రాశాక, వింతగా, ప్రాణం కుదుటపడింది.

"గోళీ ఎప్పుడేసుకునుడో ఇగ నేను జెప్త" అన్నాడు అన్న. "ఆ రెండు గంటలు నావి."

29 మార్చి, బుధవారం

పరుగెత్తుకొచ్చి రాస్తున్నాను!

ఒంటిపూట బడి అయి వచ్చేసరికి ముత్యం అరుగు మీద ఉన్నాడు. మోచేతికి ఇంకా కట్టు ఉంది. సీజన్ చివరి చెరకట, ఎండిపోయి రసం పాడై గింజ కట్టడం లేదట. పొద్దున ఒక పాన్ నిండా పాకం పాడైంది.

"నాతోని ఐతలేదన్నా. ఒక్కసారి రా."

వదినె వద్దంది. అన్న గోడ గడియారం చూశాడు. గోళీ నోట్లో వేసుకుని రెండు ముద్దలు తిన్నాడు. ముప్పావుగంట నలుగురం గడియారం ముల్లు చూస్తూ కూర్చున్నాం. ఆయన లేచాడు.

నేనూ వెంట వెళ్లాను, ఎవరు ఏమనుకున్నా సరే. ఆ ఇనుప మెట్లు మొదటిసారి ఎక్కాను. పైన ఒకటే వేడి, తీపి వాసన, చెవులు దిమ్మెత్తే మోత. కొందరు అన్నను చూసి వెనక్కి జరిగారు. ముత్యం మాత్రం జరగలేదు. కాలిన చేత్తోనే కడ్డీ లాగి, పాకం అద్దం మీద పూసి, అన్నకు అందించాడు.

అన్న వెలుతురుకు పట్టాడు. చెయ్యి వణికింది, కొద్దిగా. వేళ్ల మధ్య రుద్దాడు. "జర నీళ్లియ్యి" అన్నాడు. కాసేపటికి మళ్లీ రుద్దాడు. "ఆవిరి తగ్గియ్యి." మళ్లీ రుద్దాడు. "ఆగు." షిఫ్ట్ ఇంజనీరు గడియారం చూస్తున్నాడు. "ఆగు, ఆగు." పైపొరతో ఆలోచిస్తున్నాడో, అడుగునున్న ముద్దలే ఆయనకు చెప్తున్నాయో నాకు తెలియదు. ఏ పుస్తకంలోనూ లేదు.

"ఇడువు!"

ముత్యం పాన్ కింది మూత తెరిచాడు. చక్కెర దబదబమని కిందికి దిగింది. ఓ గుప్పెడు తీసి చూసి ఇంజనీరు "క్యా బాత్ హై!" అన్నాడు.

దిగేటప్పుడు సగం మెట్ల మీద గోళీ బలం అయిపోయింది. అన్న ఆగిపోయాడు. ఓ పక్క ముత్యం, ఓ పక్క నేను నిలబడ్డాం.

"తొందరేమున్నది" అన్నాడు అన్న. ఆ ముఖం బిగుసుకుంటూనే ఉంది, కానీ తృప్తిగా ఉంది.

పాన్ ముత్యానిదే. అది ఖాయమైంది. వచ్చే సీజన్ నుంచి రోజుకు రెండు గంటలు కొత్తవాళ్లకు పని నేర్పడానికి అన్నను రమ్మన్నారు.

9 ఏప్రిల్, ఆదివారం

కోటగిరి నుంచి ఎర్రన్న అనే రైతును ఆయన భార్య లింగవ్వ వెంటబెట్టుకుని వచ్చింది. ఆయనకూ అదే వణుకు, అదే రాయిలాంటి ముఖం. ఫ్యాక్టరీకి చెరకు తోలేవాళ్ల దగ్గర అన్న సంగతి విన్నారట.

"దేవర వట్టిందని మూడు మేకలను గోసినం" అంది లింగవ్వ. "ఏం జెయ్యాల్నో జెప్పు టీచరమ్మా."

నేను ఉత్సాహంగా చాప ముందుకు జరిగాను. నల్ల పదార్థం, చారల ముద్ద, రసం, అన్నీ నాలుక చివర ఉన్నాయి. నోరు తెరిచేలోగా అన్న అందుకున్నాడు.

"నీకు సుత రాత్రి ఒక పక్క నుంచి ఇంకో పక్కకు మర్రుడు ఐతలేదు గద?" అని ఎర్రన్నను అడిగాడు.

ఎర్రన్న కళ్లు అన్న ముఖానికి అతుక్కుపోయాయి. తల ఊపాడు.

"అంగి గుండీ పెట్టుకునేటప్పుడు ఏడుపస్తది. అందరు తాగినవంటరు. లోపల నువ్వు నువ్వుగనే ఉంటవ్, ఎవ్వలకు గనవడవ్."

ఎర్రన్న చెంపల మీద నీళ్లు కారుతున్నాయి, ముఖం మాత్రం కదలలేదు. అన్న చెప్తూనే ఉన్నాడు. బాపురావుగారి గురించి, వాంతుల గురించి, రెండు గంటల గురించి, అవి అయిపోయాక వచ్చే బిగువు గురించి. ఏదీ దాచలేదు.

"మాన్పదు. అది ముందే జెప్తున్న. దొరికింది గదా అని ఎక్కువ మింగద్దు. మా చెల్లె నాకు ఆరు మింగిచ్చింది, కోతి లెక్క ఎగిరిన!"

లింగవ్వ భయంగా నా వైపు చూసింది. అన్న నవ్వాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను, పట్టలేనంత సంతోషంతో కూడా. వదినె చాయ్ తెచ్చింది. అది చల్లారిపోయింది. అన్న ఆపలేదు.

గంటన్నర మాట్లాడాడు. నన్ను ఒక్క మాట కూడా మాట్లాడనివ్వలేదు.